పడవవాడు ఇల్లు చేరాడా

రంగనాయకీ,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే నువ్వు చూసిన ఆ వీడియోగేమ్ రెండో భాగం ఇంటికొచ్చింది. మొదటి భాగం తుఫానులో పడవతోనే ఆగిపోయింది గదా. సముద్రం ఒడ్డున పిళ్ళైచావడిలో పుట్టినదానివి, పడవ తిరిగిరాకపోతే నీకు నిద్ర పట్టదు.

ఆస్పత్రిలో అడిగావు, "ఏందయ్యా, ఆ పడవోడు ఇల్లు చేరినాడా?"

"రెండో భాగం చూసినాలే, చేరినాడు" అని కోతలు కోశాను. అప్పటికి అది రానే లేదు.

ఇవాళ మనవరాలు వసంత పక్కన కూర్చుని ఆడాను. చివరికి ఆటలో ఒక్క ప్రాణమే మిగిలింది.

"తాతా, ఏంది ఆ బటన్ అట్లా నొక్కతా ఉండావు?"

"నోరు మూసుకోని అలల్ని చూడు, కోతీ."

తీరం కనిపించింది. పడవవాడు దిగి ఇంట్లోకి నడిచాడు.

నేను నీకు అబద్ధం చెప్పలేదే. కాస్త ముందుగా చెప్పానంతే.