ఇంగ్లీషు పాటకు నువ్వు చెప్పిన అర్థం

అన్నా,

ఏ అడవికని పోస్టు చేయను ఈ ఉత్తరం? అయినా రాస్తున్నాను. ఇవాళ నీ ఇంగ్లీషు క్యాసెట్ మళ్లీ విన్నాం.

నువ్వు అన్నల్లో కలిసిన వారానికే పోలీసులు సోదాకు వచ్చి తెలుగు పాటల క్యాసెట్లన్నీ పట్టుకుపోయారు. ఇంగ్లీషుదని దీన్నొక్కదాన్ని వదిలేశారు.

జగిత్యాల కాలేజీ నుంచి దీన్ని తెచ్చింది నువ్వే. కరెంటు పోయి మరమగ్గాల సాంచాలు ఆగిన మధ్యాహ్నాలు బ్యాటరీ టేపులో పెట్టేవాడివి. బావిలోంచి వచ్చినట్టుండే ఆ గొంతు ఏమంటోందని అడిగితే, "గా పాడేటాయనది గూడ బట్ట నేసే ఊరే తమ్మీ. పోగు తెగితే ముడేసుకో, సాంచ ఆపకు అంటుండు" అన్నావు. ఆ మాట పట్టుకునే సిరిసిల్లలో ఇన్నేళ్లు బట్ట నేశాను.

ఇవాళ కోరుట్లలో చదువుతూ సెలవుకు వచ్చిన నా బిడ్డ, క్యాసెట్ డబ్బాలో ఉన్న పాటల కాగితం చదివింది.

"బాపూ, గిండ్ల పోగు లేదు, ముడి లేదు. నాతోని అయితలేదు, నన్ను ఇడిచిపెట్టుండ్రి అంటుండు. పెద్దబాపుకు ఇంగ్లీషు రాదా?"

కాలేజీలో ఇంగ్లీషుకు నీ తర్వాతే ఎవరైనా. ఆ పాట నీకు పూర్తిగా అర్థమైంది అన్నా. నాకు తప్పు అర్థం చెప్పడానికి నువ్వున్నావు. నీకు అలాంటిదొకటి చెప్పడానికి ఎవరూ లేరు.

"గాయన రాసింది గాయనది. పెద్దబాపు చెప్పింది మనది. రాయి బిడ్డా" అన్నాను.

కాగితం వెనకవైపు నీ అర్థమే రాసింది. కింద నీ పేరు పెట్టించాను.

నీ తమ్ముడు