ఐదో జత ఆకులు

శుక్రవారం, రాత్రి

నా బిడ్డ లావణ్య డబ్బాలో పెట్టిన జామ గింజ, బిడ్డ చనిపోయిన తర్వాత మొలిచింది. ఈ రోజు ఐదో జత ఆకులు విప్పుకుంది.

జ్వరంలో కూడా చెప్పింది పిచ్చిది: "ఐదు జతలు అచ్చేదాక ముట్టకమ్మా. గప్పుడు మెల్లగ పక్కకు వంచి కట్టు, గుబురుగ పెరుగుతది. ఆలస్యం చేస్తే కట్టెబారి ఇరుగుతది."

మధ్యాహ్నం ఎండకు కాడ మెత్తబడినప్పుడు వంచాను. డబ్బా అంచుకు దారం కట్టి, నేను నేసే సాంచె మగ్గం మీద తెగిన పోగుకు వేసినట్టే బిగించి ముడి వేశాను. చేతికి తెలిసిన ముడి అదొక్కటే. పక్కింటి షాహీన్ గోడ మీది నుంచి చూసి అరిచింది.

"అక్కా! అదేమన్న సాంచె మీది పోగా? గంత బిగిస్తే దాని గొంతు కోసుకపోదా?"

నిజమే. లేత కాడ మీద అప్పటికే సన్నటి గీత పడింది.

లావణ్యను సాంచెకు నూలు కండెలు చుట్టే పనికి కూర్చోబెట్టినప్పుడు దానికి ఎన్నేళ్లు? ఏడో, ఎనిమిదో. దానికి ఐదు జతలు వచ్చాయో లేదో నేను చూశానా...

ముడి కోసేశాను. కాడ పక్కన నా చిటికెన వేలు పెట్టి, రెండూ పట్టేంత వదులుగా మళ్లీ కట్టాను. కట్టిన తర్వాత వేలు తీయబుద్ధి కాలేదు. అట్లాగే కూర్చున్నాను. పొద్దు గుంకే వేళకు, వంగిన కొన తనంతట తానే వెలుగు వైపు తల ఎత్తింది. మొదటి అడుగులప్పుడు లావణ్య నా వేలు పట్టుకుని లేచినట్టే.

అప్పుడు మెల్లగా వేలు తీశాను. పడిపోలేదు.