సొంత తమ్ముడు అడిగినా

గౌరవనీయులైన ఆదాయపు పన్ను అధికారి గారి సముఖమునకు,

గురజాల వాస్తవ్యుడు, ప్రస్తుతము మస్కట్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేయుచున్న షేక్ సుహైల్ వ్రాసుకొను అర్జీ.

విషయం: నాకు పంపిన నోటీసుకు జవాబును ఆన్‌లైన్‌లో కాక ఈ కాగితముల మీదనే స్వీకరించుట గురించి; స్వీకరించనిచో తమరే గురజాల వచ్చి మా అక్కతో మాట్లాడుట గురించి.

అయ్యా,

1. నేను ఇండియాలోనే నివసించుచు విదేశీ ఆదాయమును దాచిపెట్టితినని తమ కార్యాలయం నుండి నోటీసు వచ్చినది. నేను దాచినది ఏమియు లేదు. ఇక్కడి ఎండలో మేడలెక్కి ఏసీలు బాగుచేయుచున్నాను, ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. గడువులోగా జవాబు ఇవ్వకున్న, నా పేరిట గురజాలలో ఉన్న గదిని జప్తు చేయుదురట. ఆ గదిలో మా అక్క హజ్రా బీ కుట్టుమిషను పెట్టుకొని బ్రతుకుచున్నది. మిరపకోతలకు పోయే ఆడవాళ్ళకు పొడుగుచేతుల చొక్కాలు కుట్టేది ఆమే, అమ్మ పోయాక నన్ను పెంచినదీ ఆమే. ఆ గది పోతే ఆమెకు వేరే ఆధారం లేదు.

2. జవాబు పోర్టల్‌లోనే పెట్టవలెనన్నారు. పోర్టల్ తెరవాలంటే ఓటీపీ కావలెను. ఓటీపీ నా ఆధార్‌కు కలిపిన నంబరుకు వచ్చును. ఆ సిమ్ము మా అక్క ఫోనులో ఉన్నది. నంబరు మార్చుకుందామంటే మనిషి స్వయంగా వచ్చి వేలిముద్ర వేయవలెనట. కంపెనీ వారు సెలవు ఇవ్వరు. కాబట్టి అక్కను అడిగితిని. చెప్పనన్నది.

3. ఎందుకు చెప్పనన్నదో తమరికి తెలియవలెను. కిందటేడు ఎవడో నా గొంతుతో ఆమెకు ఫోన్ చేసి, యాక్సిడెంటు అయిందని ఏడ్చి, ఓటీపీ చెప్పించుకొని, ఆమె కూడబెట్టుకున్నదంతా ఊడ్చుకుపోయాడు. తమ్ముడి గొంతు గుర్తుపట్టలేనిదానివి నువ్వేం అక్కవే అని వీధిలో వాళ్ళు ఎగతాళి చేశారు. చాలాకాలం ఆమె షాపు తెరవలేదు, ఎవరి ముఖమూ చూడలేదు. తర్వాత బ్యాంకు వారు మా ఊళ్ళో అవగాహన సదస్సు పెట్టారు. దానికి ముఖ్య అతిథి తమరే. తమరు ఆమెను స్టేజీ మీదికి పిలిచి, చేయి చాపించి, "సొంత తమ్ముడు అడిగినా ఓటీపీ చెప్పను" అని మైకులో అనిపించారు. శాలువా కప్పారు. ఎగతాళి చేసినవాళ్ళే చప్పట్లు కొట్టారు.

అప్పటి నుండి ఆమె ఆ మాట మీదనే ఉన్నది. గ్యాస్ బండ తెచ్చినతనికి కూడా ఫోనులో వచ్చిన నంబరు చెప్పకపోతే, అతను బండను మళ్ళీ ఆటోలో వేసుకొని పోయాడు. ఇప్పుడు కట్టెల పొయ్యి మీద వండుకుంటోంది. పొగకు దగ్గుతూ ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే నాకు ఇక్కడ అన్నం సయించడం లేదండీ.

4. వీడియో కాల్ చేసి ముఖం చూపించాను. చిన్నప్పుడు సాగర్ కాలవలో దూకి నుదురు పగలగొట్టుకున్న మచ్చ చూపించాను. బతిమాలాను, చివరికి అరిచాను. ఆమె కోపపడలేదు.

"నువ్వు సుహైల్‌వేరా. కాదని నేనన్నానా? ఊరందరి ముందు మాటిచ్చాను. ఒకసారి చెప్పి చానా పోగొట్టుకున్నా. ఇప్పుడు నీకు చెప్తే ఇక నా మాట మీద నాకే నమ్మకం ఉండదు."

గది పోతుందే అక్కా అన్నాను. పోతే పోనీ, మిషను బస్టాండు దగ్గర పెట్టుకొని కుడతానన్నది.

5. మా చిన్నాన్న కొడుకు ఫరీద్‌ను తమ కార్యాలయానికి పంపితిని. పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, కంపెనీ వారి పత్రము, ఈ అర్జీకి జతపరిచినవే, అతని చేతికిచ్చితిని. కాగితాలు తీసుకోవడం కుదరదని గుమస్తా గారు తిప్పి పంపారు. పైగా, ఆ ముసలామెను కాస్త గదమాయించండి, తనే చెప్తుందని సలహా ఇచ్చారట. అయ్యా, మా అక్క ముసలిది కాదు. గదమాయించడం మా ఇంట్లో ఆమె పని, మా పని కాదు.

6. మోసగాడికి చెప్పినందుకు ఆమెకు తెలివి లేదన్నారు. తమ్ముడికి చెప్పనందుకు గది తీసుకుంటామంటున్నారు. ఒక అధికారి చెప్పిన మాటను నమ్మి, దానికి కట్టుబడిన మనిషి ఈ తాలూకాలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది. ఆమెకే శిక్షా? ఏంది సార్ ఈ న్యాయం?

కావున మనవి ఏమనగా, నేను ఇక ఆమెను అడగను. ఈ కాగితాలు తీసుకొని, నేను పరదేశంలో పనిచేసి బతికేవాడినని రాసుకోండి. కుదరదంటే, అదే చోట మళ్ళీ స్టేజీ వేయించి, అదే జనం ముందు, "హజ్రా బీ, నేను నీ చేత అనిపించిన మాట తప్పు" అని తమరే మైకులో చెప్పండి. అదీ కుదరదంటే జప్తుకు రండి. మిషను బయటికి మోయడానికి ఫరీద్ ఉంటాడు. లేని పన్ను మాత్రం నేను కట్టను. ఆమె చేత మాట తప్పించను. పోయిన డబ్బు ఎటూ తిరిగి రాదు, ఆ మాట ఒక్కటే ఆమెకు మిగిలింది.

తమరు చిత్తగించినను సరే, చిత్తగించకున్నను సరే, నేను చెప్పవలసినది ఇంతే.

ఈ ఒక్క విషయములో తప్ప తమ విధేయుడు,
షేక్ సుహైల్,
మస్కట్.

తా.క.: ఇది పంపేలోపే అక్క ఫోన్ చేసింది. ఫరీద్ మళ్ళీ వచ్చి ఈసారి తమరినే కలిసి సంగతంతా చెప్పాడట. తమరు పొద్దున స్వయంగా ఆమెకు ఫోన్ చేసి, "అమ్మా, మీటింగుకొచ్చిన ఆఫీసర్ని నేనే, ఈ ఒక్కసారికి తమ్ముడికి చెప్పు" అన్నారట. తమ మంచితనానికి కృతజ్ఞుణ్ణి సార్. కానీ ఆమె నమ్మలేదు. దొంగలు ఆఫీసర్ల గొంతుతో కూడా మాట్లాడతారని ఆ రోజు తమరే చెప్పారట కదా. ఫోన్ పెట్టేసి, తమ నంబరును పోలీసు స్టేషన్లో ఇచ్చి వచ్చింది. వాళ్ళు పిలిస్తే కంగారుపడకండి. తమరు తమరేనని రుజువు చేసే నకళ్ళు పట్టుకొని వెళ్ళండి. అక్కడ కాగితాలు తీసుకుంటారు.