కెజియా గిటార్‌కు పవర్ ఆంప్

జులై 21, సోమవారం
నిన్న ఆరాధనలో నా మనవరాలు కెజియా గిటార్ ఎవరికీ వినిపించలేదు. కోపంలో నిర్ణయాలు తీసుకోకూడదని ఇది రాస్తున్నాను.

నిలబడింది, వాయించింది, వేళ్లు కదిలాయి... స్పీకర్ పెట్టెలోంచి దోమ రొద. వెనక బెంచీల్లో నవ్వు. చర్చి మెట్ల మీద పాస్టరయ్య — "పోరి మంచిగనే వాయిస్తది టీచరమ్మా, కానీ ఏం ఇనబడలే. వచ్చే నెల యూత్ కూటాలకు కీబోర్డు చాలు తియ్యి." శనివారం ప్రాక్టీసులో ఒక్కసారి వినమన్నాను. సరే అన్నాడు, మొహమాటానికి.

ఇంటికొచ్చాక కెజియా — "ఇగ నేను వాయియ్య నానమ్మా."
వాయిస్తుంది.

జులై 22
తప్పు దొరికింది. దాని డిజిటల్ మోడలర్, కాలితో నొక్కే ఆ పలక, రకరకాల స్వరాలను అనుకరిస్తుంది. అంతే. స్పీకర్‌ను కదిలించే బలం దానికి లేదు. పాతది కొన్న స్పీకర్ పెట్టెకూ సొంత బలం లేదు. మధ్యలో ఆ బలమిచ్చే పవర్ ఆంప్ ఉండాలి. ఇన్నేళ్లు ఫిజిక్స్ చెప్పిన మనిషి ఇంట్లోనే ఉంది — ఒక్కరూ అడగలేదు.

నా కొడుకు సామ్యేలు: "వెయ్యి వాట్లది కొందాం అమ్మా, మోగిపోవాలె."
"ఊరేగింపు తీస్తున్నమారా?"

జులై 23
పెట్టె వెనక చీటీ చదివాను. ఎనిమిది ఓమ్‌లు, నూట ఇరవై వాట్లు. కోఠిలో షాపతనికి ఫోన్.
"రెండొందల వాట్లు మేడమ్, కండ్లు మూసుకొని తీస్కోండి."
ఎన్ని ఓమ్‌ల దగ్గర?
కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత — "...నాలుగు."
అయితే అడ్డు అంతకు రెట్టింపున్న మా పెట్టెకు సుమారు సగం, వంద వాట్లు అందుతాయి. సగం చాలు. హాలు నిండుతుంది, పెట్టె తట్టుకుంటుంది. పాత రేడియోల్లోలా గాజు వాల్వులది ఇంకొకటి ఉందన్నాడు, "దానికి సొంత టోన్ ఉంటది." వద్దు. స్వరం మోడలర్ ఇస్తుంది. ఆంప్ పని, వచ్చినదాన్ని వచ్చినట్టే పెంచడం. తన మాట కలపకూడదు.

రెండొందల వాట్ల చిన్నదే. తేల్చేశాను.

జులై 24
సామ్యేలు తెచ్చాడు. "గింతదా? టిఫిన్ డబ్బా లెక్కుంది."
శబ్దం వచ్చింది, గట్టిగానే. కానీ దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు. మీటలు ఎంత తిప్పినా అంతే.
కెజియా — "చూసినవా నానమ్మా. నా చేతులే మంచిగ లేవు."
ఆ మాట మాత్రం ఒప్పుకోను.

జులై 25, శుక్రవారం
ఆంప్ వాపసు ఇద్దామని క్యాబ్ బుక్ చేయించాను. ముందుగా షాపతనికి సంగతంతా మెసేజ్ పెట్టాను. జవాబు: "ముందు క్యాబ్ ఆఫ్ చేయండి మేడమ్." మనిషే వచ్చి చూస్తాడు కాబోలనుకుని రద్దు చేయించాను. డ్రైవర్ అప్పటికే సాగర్ రోడ్డు దాటాడట, ఫోన్లో నాలుగు మాటలన్నాడు. ఎంతకీ ఎవరూ రారు... మళ్లీ షాపుకే ఫోన్.

"క్యాబ్ బంద్ చేసినం."
"ఇప్పుడు సౌండ్ ఎట్లుంది మేడమ్?"
"క్యాబ్ పోతే సౌండ్ ఎట్ల మారుతదయ్యా?"

కెజియా నేల మీద కూలబడి నవ్వింది. ఆదివారం తర్వాత మొదటిసారి. "నానమ్మా, గా క్యాబ్ కాదు!" స్పీకర్ పెట్టెనూ క్యాబ్ అంటారట, క్యాబినెట్‌కు పొట్టి పేరు. మోడలర్ లోపల అనుకరణ పెట్టె ఒకటి, ఎదురుగా అసలు పెట్టె ఒకటి. స్వరం రెండూ దాటి రావాల్సి వస్తోంది. అదీ ఆ దుప్పటి.

లోపలిది ఆపింది. ఒక్క తీగ మీటింది. పక్కింట్లో కుట్టుమిషను ఆగిపోయింది.

"చేతులకేం రోగం లేదు" అన్నాను. వాయిస్తూనే ఉంది.

సాయంత్రం, బియ్యం కడుగుతూ కెజియా — "ఇంట్ల అయితే సరే. ఆడ మళ్ల నవ్వితే?"
నవ్వరని చెప్పలేను. రేపు ప్రాక్టీసుకు వస్తానని అది అనలేదు, రాననీ అనలేదు.

రేపు జరగవలసినవి:
1. ఆంప్‌కూ పెట్టెకూ మధ్య స్పీకర్ కేబులే ఉండాలి. గిటార్ కేబుల్ పనికిరాదు.
2. సామ్యేలు సామాను ముందే తీసుకెళ్లి హాల్లో పెట్టాలి. ఎవరూ రాకముందు.
3. పాస్టరయ్యను చివరి బెంచీలో కూర్చోబెట్టాలి. అక్కడికి వినిపిస్తే అందరికీ వినిపించినట్టే.
4. నేను బయటే ఉండాలి. ఎదురుగా ఉంటే తప్పులు లెక్కపెడతానట.
5. గిటార్ కెజియా తనంతట తనే తీసుకోవాలి. నేను చేతికి అందించను.