గిర్నీ గోడ మీది బొమ్మ

మంగళవారం, నాచారం

మా కారంపొడి ప్యాకెట్టు మీది రోకలి పట్టిన స్త్రీ బొమ్మను లాలాపేట్ పిండిగిర్నీ గోడ మీద అనుమతి లేకుండా చిత్రించారని, మా కంపెనీ యజమాని ఆదేశానుసారం, పోయిన వారం నేనే నోటీసు పంపాను. అది అందుకున్న పెయింటర్ మల్లేశ్ ఈరోజు ఆఫీసుకు వచ్చాడు.

నిజానికి ఆ బొమ్మ అతనిదే. ఆరేళ్ల కిందట ఆ గోడను ఫొటో తీసుకొని, చీర రంగు మార్చి, ‘స్వీయ సృష్టి’ అని సంతకం చేసి కంపెనీకి సమర్పించినవాణ్ణి నేను. చెంప మీది పుట్టుమచ్చను తొలగించాలన్నది మాత్రం నా దృష్టికి రాలేదు.

"గా మచ్చ మా అక్కది సార్. మీ ప్యాకెట్ మీదికి ఎట్లొచ్చింది?" అన్నాడు మల్లేశ్.

"యాదృచ్ఛికం," అని తెలియజేశాను.

అతను నోటీసును మడిచాడు. "మొఖం మా అక్కది, కాయితం మీది. కాయితంతోని నేనేం కొట్లాడుత? మాఫ్ జెయ్యుండ్రి. రేపే సున్నం కొడ్త."

నోటీసును ఉపసంహరించే అధికారం నాకుంది. కారణం రాయవలసి వస్తుంది కనుక వినియోగించలేదు.

తలుపు దగ్గర ఆగి అన్నాడు: "ఇగ ఏం గీసినా ముందుగాల మీకే సూపిస్త సార్. మీరు సరే అంటెనే గోడకెక్కిస్త."

సరే అన్నాను.