మడత లోపల

అమ్మా, కట్టు విప్పేశారు. చేయి ఎలా ఉందో ఈ అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

ఆసుపత్రిలో నన్ను చూసుకున్న నర్సుకు రెండు మంచి మాటలు రాద్దామని కాగితం కొనబోతే, దుకాణం ఆయన "రెండు మాటలకి పెద్ద కాగితం వెలితిగా ఉంటుందమ్మా, పుస్తకంలా తెరుచుకునే ఈ మడత కాగితాలు తీసుకోండి" అన్నాడు. రెండు కొన్నాను. పోస్టుకార్డులు రాసిన అలవాటు కదా, అంతా పైవైపే ఇరికించేశాను. ఆవిడ తెరిచి చూసి, "లోపల ఏమీ రాయలేదేం?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్న కొత్త కళ్లద్దాలు పెట్టుకుంటున్నారా?

రెండో కాగితం చెల్లికి. నెలన్నర ఇక్కడుండి రోజూ నాకు జడ వేసినదానికి థాంక్స్ అని రాస్తే, నాతో మాట్లాడటం మానేస్తుంది. అందుకే పైన దాని పేరొక్కటే రాసి, లోపల ఖాళీగా ఉంచి పంపాను. అడిగితే, అక్క ఈసారి పొరపాటున వదిలేయలేదని చెప్పు.

నాన్నకు దండాలు.

నీ పెద్దది