అన్న కొలత

మదనపల్లె, 1979. ఆదివారం రాత్రి.

సంచి అయిపోయింది. కోపమే ఇంకా దిగలేదు.

పాత లారీ టార్పాలుతో సంచి నేనే కుట్టినాను. మిషన్ సూదులు మూడు ఇరిగినాయి. అయితేనేం, దుప్పటి, గిన్నెలు, టెంటు తాళ్లు అన్నీ పడతాండాయి. భుజాలకు తోలు పట్టీలు మాత్రం నాయన చేసిచ్చినాడు. జట్కా గుర్రాలకు పట్టీలు కుట్టే మనిషి, టేపు ముట్టడు. ఒంటిమింద జాన పెట్టి కొలుస్తాడు.

పొద్దున తగిలించుకుంటే సంచి నడుము దిగి యాలాడింది. ఆఖరు బెజ్జానికి బకిల్ పెట్టినా అంతే.

"యాల నాయనా ఇంత పొడుగు?"

"ఎదిగిన ఆడపిల్ల భుజంమింద జాన పెట్టేదానికి బాగుంటుందా అమ్మా? మీ అన్నకు కొలిచినాను. కొండ ఎక్కేటప్పుడు మోసేది వాడే గదా!"

కాలేజీ కొండ క్యాంపుకు పేరిచ్చింది నేను. అన్న యాడ వస్తాడు?

తోలు పొడిచే నాయన ఆరె నేనే తీసుకుని, అద్దం ముందర నా భుజానికి నా జానే పెట్టుకుని కొలిచి, పైన కొత్త బెజ్జాలు పొడిచినాను. సంచి వీపుకు అతుక్కుని నిలబడింది.

"పట్టీల కొసన మిగిలిన తోలు కొయ్యొద్దమ్మా, రేపు మీ అన్నకు పనికొస్తుంది" అన్నాడు నాయన.

ఆయన కళ్లముందరే కోసేసినాను. ఆయన అన్నం సగంలో వదిలేసి లేచినాడు. రేపు పొద్దున బస్సుకాడికి వస్తాడో, రాడో...

రాకపోతే రాకపోనీ. ఆ సంచి ఇంక అన్న భుజాలకు పట్టదు.